పాలిప్ ఉందన్నారు: హిస్టరోస్కోపీ చేయించుకోవాలా, గర్భసంచి తీయించేసుకోవాలా?

మీరు రాసింది చదివానండి. వయసు 39, ఇద్దరు పిల్లలు, ఏడాదిగా నెలసరిలో విపరీతంగా బ్లీడింగ్. స్కానింగ్‌లో గర్భసంచి లోపలి పొర 14 మిల్లీమీటర్లు ఉంది, పాలిప్ (ఆ పొర మీద పెరిగే చిన్న కండ) అని అనుమానం. అమలాపురంలో డాక్టరుగారు హిస్టరోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో గర్భసంచి లోపల చూసే పరీక్ష, రాశారు. మీ అత్తారింట్లో మాత్రం "పిల్లలు పుట్టేశారుగా, సంచి తీయించేసుకుంటే గొడవ వదిలిపోద్ది" అంటున్నారు. నేను డాక్టర్ని కాదు, పాలకొల్లు దగ్గర పల్లెటూరు మాది. నాకు ఈ పద్ధతిలోనే పాలిప్ తీశారు. మా అత్తగారికి ఇదే పరీక్షలో వేరే సంగతి బయటపడింది. రెండూ దగ్గరుండి చూసినదాన్ని కాబట్టి చెప్తున్నాను: ముందు లోపల ఏముందో చూడనివ్వండి, తీయడం సంగతి తర్వాత.

మన వైపు సంచి తీయించుకోవడం పన్ను పీకించుకున్నంత తేలికైపోయింది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది. అన్ని రాష్ట్రాల్లోకీ మనమే ముందు. దాంతోపాటు అండాశయాలు కూడా తీసేస్తే నలభై లోపే ఒంట్లో వేడి సెగలు, ఎముకల బలహీనత మొదలవుతాయి. ఆ మాట ఇంట్లో సలహాలిచ్చేవాళ్లెవరూ చెప్పరు.

చేసే పని ఇదీ. 3 నుంచి 5 మిల్లీమీటర్ల లావుండే కెమెరా గొట్టాన్ని యోని మార్గంలోంచి గర్భసంచిలోకి పంపుతారు. మామూలుగా సంచి గోడలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి కాబట్టి సెలైన్ ఎక్కించి విప్పుతారు. అప్పుడు లోపలంతా టీవీ మీద కనపడుతుంది. పొట్ట మీద కోత లేదు, కుట్లు లేవు. చాలామంది దీన్నీ లాప్రోస్కోపీనీ ఒకటే అనుకుంటారు. పొట్టకి రంధ్రాలు పెట్టేది అది, ఇది కాదు. నాకు మత్తిచ్చి చేశారు, పొద్దున వెళ్లి సాయంత్రానికి ఇంటికొచ్చేశాను. మత్తు లేకుండా చేసేచోట్ల నెలసరి నొప్పిలాంటిది వస్తుంది, కొందరికి గట్టిగానే. ముందే అడిగి మాత్ర వేసుకోండి. తర్వాత కొన్నాళ్లు కాస్త మరకలు కనపడ్డాయి నాకు, అంతే.

14 మిల్లీమీటర్లు అనగానే కంగారు పడకండి. నెలసరి వచ్చే వయసులో ఆ పొర రోజురోజుకీ మందమవుతుంది. నెలసరి దగ్గర పడ్డప్పుడు తీసిన స్కాన్‌లో అంత ఉండటం మామూలే. ఏ రోజు తీశారో చూసుకోండి. హిస్టరోస్కోపీకి కూడా నెలసరి ఆగిన వెంటనే వచ్చే రోజులే మంచివి, పొర పల్చగా ఉంటుంది, పాలిప్ ఉంటే తేటగా కనపడుతుంది.

నాకు అంతకుముందు డీఎన్‌సీ చేశారు. కొన్నాళ్లు బాగుంది, మళ్లీ అదే బ్లీడింగ్, రక్తం (హిమోగ్లోబిన్) ఎనిమిదికి పడిపోయింది. డీఎన్‌సీ చూడకుండా గీకే పని, కాడ ఉన్న పాలిప్ పక్కకి జారి మిగిలిపోవచ్చు. కెమెరాతో చూస్తూ తీస్తే కాడ మొదలు దాకా తీయొచ్చు. సంచి లోపలి వైపుకి పొడుచుకొచ్చిన ఫైబ్రాయిడ్లనీ (గర్భసంచి కండలో పెరిగే గడ్డలు) ఇలాగే తీస్తారు. కండలో లోతుగా ఉన్నవాటికీ, బయటి వైపు ఉన్నవాటికీ, అడినోమయోసిస్‌కీ (లోపలి పొర సంచి కండలోకి చొచ్చుకుపోయే జబ్బు) ఇది పనికిరాదు. అవి ఉంటే మందులో ఇంకో ఆపరేషనో ఆలోచించాలి.

మా అత్తగారి సంగతి వేరు. నెలసరి ఆగిపోయిన ఏళ్ల తర్వాత కాస్త రక్తం కనపడితే సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఆ వయసులో ఒక్క చుక్క కనపడినా చూపించుకోవాలి. పదిమందిలో తొమ్మిదిమందికి క్యాన్సర్ ఉండదు, ఆ ఒక్కరెవరో మాత్రం ముక్క తీసి పరీక్షిస్తేనే తెలుస్తుంది. ఆవిడ ఆ ఒక్కరయ్యారు. మొదట్లోనే దొరికింది కాబట్టి క్యాన్సర్ సర్జన్ దగ్గరే ఆపరేషన్ చేయించాం, ఇప్పుడు పొలం గట్ల మీద మాకన్నా ముందు నడుస్తున్నారు. బయాప్సీ లేకుండా ఎక్కడో మామూలుగా తీయించేసి ఉంటే ఎంతవరకు తీయాలో చేసేవాళ్లకే తెలిసేది కాదు. సంచి తీయించేద్దామనేవాళ్లకి నేను చెప్పే మొదటి మాట ఇదే. తీయాల్సి వచ్చినా ముందు బయాప్సీ కావాలి.

మా తోడికోడలికి కాపర్ టీ దారం కనపడకపోతే దీంతోనే తీశారు. పదేపదే గర్భస్రావాలైనవాళ్లలో లోపలి అడ్డుపొరలూ అతుకులూ చూడటానికీ, సరిచేయడానికీ ఇదే. ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బిడ్డ పద్ధతి) ముందు స్కాన్ బాగానే ఉన్నా అందరికీ చేయాలనడం మాత్రం నాకు నచ్చదు. దాని వల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరగలేదని 2016లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన రెండు పెద్ద అధ్యయనాల్లో తేలింది.

ప్రమాదాలు తక్కువే గానీ లేవని కాదు. సంచికి రంధ్రం పడటం, ఇన్ఫెక్షన్, ఎక్కించిన ద్రవం ఒంట్లోకి ఎక్కువ ఇంకిపోవడం. అందుకే ఎంత లోపలికి వెళ్లింది, ఎంత బయటికొచ్చింది అని లెక్క రాస్తారు. సెలైన్ అయితే రెండున్నర లీటర్లు ఒంట్లో ఉండిపోయిందంటే ఆపేయాలి. గర్భం ఉన్నా, లోపల ఇన్ఫెక్షన్ ఉన్నా చేయకూడదు.

డాక్టరుగార్ని ఇవి అడగండి: పాలిప్ కనపడితే అదే పూట తీసేస్తారా, మళ్లీ రమ్మంటారా? తీసిన ముక్క ల్యాబ్‌కి పంపుతారా? రక్తం తక్కువుంటే ముందు ఐరన్ ఎక్కిస్తారా? ఖర్చు సంగతి ఆస్పత్రిలో ఆరోగ్యమిత్రని అడిగితే ప్రభుత్వ ఆరోగ్య పథకం వర్తిస్తుందో లేదో చెప్తారు. మత్తిస్తే తిరుగు ప్రయాణం బండి వెనకాల కూర్చుని వద్దు, ఆటోయో కారో మాట్లాడుకోండి. బయాప్సీ రిపోర్టు చేతికొచ్చే దాకా సంచి మాట ఎవరెత్తినా "రిపోర్టు రానివ్వండి" అనేయండి.