సహకారం సాధ్యమే, ముందు టెస్ట్ రిపోర్ట్ అడగండి

"వ్యాపార సంస్థలు, తల్లిదండ్రుల సంఘాలు కలిసి పిల్లలను విష రసాయనాల నుంచి నిజంగా కాపాడగలవా? లేక అంతా ప్రచారమేనా?" అని అడిగారు. కాపాడగలవు. మా వాడి ప్లేస్కూల్ జారుడుబల్ల దగ్గర కళ్లారా చూశాను.

ఆ బల్లకి పసుపు ఎనామెల్. ఎండకి పెచ్చులు లేచాయి. మా వాడికి ఆ పెచ్చులు గిల్లడమంటే మహా సరదా, గిల్లిన వేలు నేరుగా నోట్లోకే. పాత పసుపు, ఎరుపు, నారింజ రంగుల్లో సీసం (లెడ్) ఉండే అవకాశం ఎక్కువ. లెడ్ క్రోమేట్ అనే సీసపు రంగుపొడి వాడేది ఆ మెరుపు కోసమే. నోట్లోకి వెళ్లిన సీసాన్ని పెద్దల కన్నా చిన్నపిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. "ఇంతవరకూ పర్వాలేదు" అనే మోతాదే లేదట. అది చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు.

తల్లిదండ్రుల గ్రూపులో పెడితే గంటలో వచ్చినవి నాలుగు దండాలు, ఒంట్లోని విషాలన్నీ కడిగేసే పానీయం గురించి ఒక ఫార్వర్డ్. ఈ ఫార్వర్డ్‌లు పంపేవాళ్లు మీటింగ్‌కి మాత్రం రారు, గమనించారా?

యాజమాన్యం మాత్రం వెంటనే కదిలింది. మర్నాడు వెళ్లేసరికి పెయింటర్ ఎమరీ పేపర్‌తో బరబరా గీకుతున్నాడు. పసుపు పొడి ఇసుక మీద, మెట్ల మీద, గాల్లో. పెచ్చు కన్నా ఆ పొడితోనే ముప్పు ఎక్కువ. ఆపమంటే, "ఇరవై ఏళ్లుగా గీకుతున్నా మేడమ్, నాకేం కాలేదు" అన్నాడు. నా పక్కనున్న ఇంకో తల్లి నెమ్మదిగా అడిగింది: "ఇంటికెళ్లి ఈ చొక్కాతోనే పాపని ఎత్తుకుంటావా అన్నా?" అతను చొక్కా చేతుల వైపు చూసుకున్నాడు. మోచేతుల దాకా పసుపు. మాట్లాడకుండా కాగితం కింద పెట్టేశాడు.

అసలు పని అక్కడ మొదలైంది. తర్వాతి మీటింగ్‌కి పెయింటర్‌నీ, రంగులు సరఫరా చేసే డీలర్‌నీ పిలిచాం. డీలర్ గారు డబ్బా మూత తీసి "చూడండి, వాసనే లేదు" అన్నారు. వాసనకీ సీసానికీ సంబంధం లేదండీ! సీసానికి వాసన ఉండదు. మేం అడిగింది ఒక్కటే: ప్రతి షేడ్‌కీ ల్యాబ్ రిపోర్ట్, సీసం 90 పీపీఎం లోపు, అంటే పది లక్షల పాళ్లలో తొంభై పాళ్ల లోపు. ఐక్యరాజ్య సమితి పర్యావరణ కార్యక్రమం నమూనా చట్టంలో పెట్టిన పరిమితి అది. రుద్దితే రంగు మారే టెస్ట్ కిట్లు సీసం అంత తక్కువని తేల్చలేవు. ఆయన "మనం అడిగితే కంపెనీలు వింటాయా?" అని నవ్వారు. సీసం కలిపిన పెట్రోల్ సంగతి చెప్పాను. 2002లో ప్రభుత్వాలు, చమురు, వాహన సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు ఒక కూటమిగా పని మొదలుపెట్టేటప్పటికి వందకు పైగా దేశాల్లో అదే వాడేవారు. 2021 జులైలో చివరగా అల్జీరియా కూడా ఆపేయడంతో ప్రపంచమంతటా కార్లకు దాని అమ్మకం ఆగిపోయింది. పంతొమ్మిదేళ్లు పట్టిందనుకోండి, అది వేరే సంగతి.

మూడు వారాలకి నీలం, ఆకుపచ్చ రిపోర్టులు వచ్చాయి. పసుపుది రాలేదు. సెలవుల్లో పిల్లలెవరూ లేనప్పుడు కింద ప్లాస్టిక్ పట్టా పరిచి, పెయింటర్ నీళ్లు చల్లి తడిమీదే గీకాడు. పొడి చీపురు ముట్టనివ్వలేదు. పట్టాతో సహా మూట కట్టి, అంతా తడిగుడ్డతో తుడిపించాం. ఇసుక పైపొర కూడా తీయించాం. కూలి సగం డీలర్ పెట్టుకున్నారు. తన పేరుతో బ్యానర్ కడతానన్నారు, వద్దన్నాం. మొక్క చేతిలో పట్టుకుని పదిమంది దిగే ఫొటోలంటే నాకు మొదటినుంచీ పడదు.

నా లెక్కలో యజమానులతో ఒప్పందాల కన్నా, గీకే మనిషిని మీటింగ్‌లో కూర్చోబెట్టడమే ఎక్కువ పని చేస్తుంది. ఈ పెయింటర్ ఇప్పుడు ఎక్కడికెళ్లినా సంచిలో ఇంకో చొక్కా పెట్టుకుంటున్నాడట.

బల్లకి నీలం వేశాం. పసుపే కావాలని మా వాడు రెండు రోజులు దాని మీద జారలేదు.