మంత్రసానిని వద్దనకు, పడవని మాత్రం నమ్ముకోకు

తమ్ముడూ, ఆగస్టులో మీ ఆవిడకి తొలి కాన్పు, ఇల్లేమో ముమ్మిడివరం దగ్గర గోదారి మధ్య లంకలో, మీ అమ్మగారు మంత్రసానితో ఇంట్లోనే పురుడు పోయిస్తామంటున్నారు, ఏం చేయాలని అడిగావు. మా అమ్మ మా నలుగురినీ మంత్రసాని చేతుల మీదే కన్నది, ఆ పనితనాన్ని నేను తక్కువ చేయను. కానీ కాన్పయ్యాక రక్తం ఆగకపోతే రెండు గంటల్లో ప్రాణం మీదికొస్తుంది, మంత్రసాని దగ్గర రక్తం ఆపే ఇంజక్షనూ ఉండదు, ఎక్కించడానికి రక్తమూ ఉండదు, గోదారి పోటు మీదుంటే అర్ధరాత్రి పడవ కట్టేవాడే దొరకడు.

అందుకే 37 వారాలు నిండేలోపే మీ ఆవిడని రేవు ఇవతల చుట్టాలింట్లో దింపెయ్. ఆశా కార్యకర్తకి తేదీ ఇప్పుడే చెప్పి ఉంచు, వరద హెచ్చరిక వస్తే లంకల్లో గర్భిణుల్ని ముందే తరలిస్తారు. 108 ఉచితం, ప్రభుత్వాసుపత్రిలో కాన్పుకీ, ఆపరేషన్‌కీ కూడా డబ్బు కట్టక్కర్లేదు. మంత్రసానిని తోడు తీసుకెళ్తే మీ అమ్మగారూ మెత్తబడతారు.

ఒకవేళ దారిలోనే కాన్పయ్యేలా ఉంటే పొట్ట నొక్కనివ్వొద్దు, నొప్పులు పెంచే ఇంజక్షన్ చేయించొద్దు. బిడ్డని పొడిగా తుడిచి తల్లి గుండెల మీద పడుకోబెట్టి కప్పండి, బొడ్డుకి పసుపు, బూడిద ఏమీ రాయొద్దు.