కర్నూలు పడమటి పల్లెలో కొత్త టీచరుగా మొదటి ఏడాది: తరగతి సగమైతే తప్పు మీది కాదు

2025 మెగా డీఎస్సీలో గణితం స్కూల్ అసిస్టెంటుగా ఎంపికై అక్టోబర్‌లో కర్నూలు జిల్లా పడమటి మండలంలోని ఒక హైస్కూల్లో చేరానని, నవంబర్ దాటేసరికి తొమ్మిదో తరగతిలో సగం మంది రావడం మానేశారని, వచ్చేవాళ్లకు పాఠం ఎక్కడం లేదని, రాతపనితోనే రోజు గడిచిపోతోందని మీరు రాశారు. కొత్త టీచర్లందరికీ ఇది మామూలేనా, లేక నాకే పాఠం చెప్పడం చేతకావడం లేదా అని అడిగారు.

నేను 2016లో ఇదే జిల్లాలో, కోసిగి వైపు ఒక పల్లె హైస్కూల్లో, మీలాగే గణితం స్కూల్ అసిస్టెంటుగా చేరాను. కర్నూలు పట్టణంలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి జిల్లా అంతా నాకు తెలుసనే అనుకున్నాను. ఆదోనిలో గది తీసుకొని, పొద్దున్నే బస్సు, ఆపైన ఆటో పట్టుకొని బడికి చేరిన ఆ మొదటి ఏడాదిలోగాని నాకు తెలిసింది ఎంత తక్కువో అర్థం కాలేదు. మీకు జరుగుతున్నదే నాకూ జరిగింది. అందుకే ముందుగా సూటిగా జవాబు చెబుతాను: మీ తరగతి ఖాళీ కావడానికి మీ బోధన కారణం కాదు, సుగ్గి కారణం.

సుగ్గి అన్న మాట మీరు స్టాఫ్ రూములో ఈపాటికి వినే ఉంటారు. కన్నడంలో కోతల కాలానికి పేరైన ఆ మాటను మన పడమటి పల్లెల్లో పనుల కోసం పోయే వలసకు వాడతారు. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, ఆస్పరి, దేవనకొండ మండలాల్లో సేద్యం చాలావరకు వాన మీదే ఆధారపడుతుంది. తుంగభద్ర దిగువ కాలువ ఈ వైపు నుంచే పోతున్నా దాని నీళ్లు అందే పొలాలు కొన్నే. పత్తి తీయడం అయిపోయాక ఊళ్లో కూలి పని దొరకదు, సరిగ్గా ఆ తర్వాతే గుంటూరు, పల్నాడు వైపు మిరప తోటల్లో కాయలు కోయడానికి మనుషులు కావాలి. మిరపకాయలు కోయడానికి చిన్న చేతులైనా పనికొస్తాయి కాబట్టి పద్నాలుగేళ్ల పిల్ల ఇంట్లో ఉండడం కన్నా తల్లి పక్కన సాలులో ఉండడమే ఆ కుటుంబానికి నాలుగు రూపాయలు తెస్తుంది. ఒక్క రాత్రిలో వీధి వీధంతా తలుపులకు తాళాలు పడతాయి.

నాకు ఈ సంగతులేవీ తెలియవు. నవంబర్ చివర్లో ఒక సోమవారం హాజరు పిలుస్తుంటే యాభై ఎనిమిది పేర్లకు ముప్పై ఒక్కరే పలికారు. అంతకుముందు శనివారం ఇంటిపని చేయలేదని తరగతి మొత్తాన్ని గట్టిగా మందలించి ఉన్నాను కాబట్టి ఆ మాటలకే పిల్లలు బడి మానేశారని నా గుండె జారిపోయింది. ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి, వాన వచ్చిందనో రాలేదనో చెప్పినంత మామూలుగా, "సుగ్గికి పోయినారు మేడం, మళ్లా ఉగాదికి వస్తారు" అని చెప్పింది. ఆ రోజు మధ్యాహ్నం నాకు అన్నం సయించలేదు. ఇది నా తప్పు కాదని తెలిసిన ఊరట కొంతసేపే ఉంది, ఆ తర్వాత మిగిలింది ఈ పిల్లలను ఎలా దక్కించుకోవాలన్న దిగులే.

ఈ విషయంలో చేయగలిగింది ఒకటుంది, అయితే దాన్ని నవంబర్‌లో మొదలుపెడితే ఆలస్యమైనట్టే. వలస పోయేవారి పిల్లల కోసం, ప్రభుత్వ బడులకు నిధులిచ్చే సమగ్ర శిక్ష పథకం కింద సీజనల్ హాస్టళ్లు నడుస్తాయి. తల్లిదండ్రులు తిరిగి వచ్చేదాకా పిల్లలు సొంత ఊళ్లోనే ఉండి, భోజనం చేసి, బడికి పోవచ్చు. మీ ఊరికి ఆ వసతి ఉందా, లేకపోతే ప్రతిపాదన పంపారా అన్నది ప్రధానోపాధ్యాయులను, మీ చుట్టుపక్కల బడుల క్లస్టర్‌ను చూసే సీఆర్‌పీని (క్లస్టర్ రిసోర్స్ పర్సన్‌ను) దసరాకు ముందే అడగాలి. దసరా సెలవుల్లో, ఊరివాళ్లకు బాగా తెలిసిన ఒక టీచరును వెంటబెట్టుకొని ఇళ్లకు వెళ్లాలి. నేను రెండో ఏడాది అలా వెళ్లినప్పుడు తల్లులు నన్ను చదువు గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. రాత్రి పిల్లకు జ్వరం వస్తే ఎవరు చూస్తారు, ఆడపిల్లలు పడుకునే గదికి గడియ ఉందా, అవ్వ దగ్గర పడుకొని తిండికి మాత్రం హాస్టలుకు వస్తే ఒప్పుకుంటారా అని అడిగారు. అవన్నీ న్యాయమైన ప్రశ్నలే, జవాబు తెలుసుకోకుండా వెళ్లడం నాదే పొరపాటు. ఆ ఏడాది నా మాట మీద ఆగినవాళ్లు నలుగురే. ఆ నలుగురి కోసమైనా తిరగడం మంచిదయిందని ఇప్పటికీ అనుకుంటాను.

ఇక పాఠం ఎక్కకపోవడం. నా దృష్టిలో కొత్త టీచరును లోపల కుంగదీసేది ఇదే, దీని గురించే కొంచెం ఎక్కువగా రాస్తాను.

నేను చేరినప్పుడు తొమ్మిదో తరగతికి బహుపదులు మొదలుపెట్టాను. రెండు వారాలు చెప్పాక పరీక్ష పెడితే తెల్ల కాగితాలు వచ్చాయి. ఎక్కడ ఆగిపోతున్నారో తెలియక, ఒక రోజు పుస్తకం మూసి, బోర్డు మీద 402 నుంచి 178 తీసివేయమని రాశాను. యాభై ఎనిమిది మందిలో ఇరవై ఒక్కరు 376 అని రాశారు. ఒక్కరు రాసి ఉంటే పొరపాటు అనుకునేదాన్ని. ఇరవై ఒక్కరు అదే జవాబు రాశారంటే అందులో ఒక పద్ధతి ఉందని అర్థమై కాగితాలు మళ్లీ చూశాను. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకె నుంచి చిన్న అంకెను తీసేశారు: నాలుగులో ఒకటి పోతే మూడు, ఏడుకూ సున్నాకూ తేడా ఏడు, ఎనిమిదికీ రెండుకూ తేడా ఆరు. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం వాళ్లకు ఎన్నడూ పట్టుబడలేదు, అందులోనూ పక్కన సున్నా ఉంటే ఏం చేయాలో అసలే తెలియదు. ఎనిమిదో తరగతి దాకా ఎవరినీ అదే తరగతిలో ఆపకూడదన్న నియమం అప్పుడు అమలులో ఉండేది కాబట్టి మూడో తరగతిలో జారిపోయిన లెక్క అలాగే తొమ్మిదో తరగతి దాకా వచ్చి నా ముందు కూర్చుంది. పిల్లలను ఆపకపోవడం తప్పని నేను అనను. ఆపకుండా పంపేటప్పుడు వెనకబడిన చోట చెయ్యి అందించే మనిషి లేకపోవడమే తప్పు.

ఆ ఇరవై ఒక్కరిలో ఒక పిల్లవాడు అంతకుముందు ఏడాది సుగ్గికి పోయి వచ్చినవాడు. వాణ్ని దగ్గరికి పిలిచి, కాగితం పక్కన పెట్టి, "నీ దగ్గర నాలుగు వందల రెండు రూపాయలున్నాయి, అంగట్లో నూట డెబ్బై ఎనిమిది బాకీ కట్టావు, ఎంత మిగులుతుంది?" అని అడిగాను. వాడు పైకప్పు వైపు ఒకసారి చూసి, పెదవులు కదిపి, "రెండు నూర్ల ఇరవై నాలుగు మేడం" అన్నాడు. ఎలా చెప్పావంటే, నూట డెబ్బై ఎనిమిదికి ఇంకో ఇరవై రెండు కలిపితే రెండు నూర్లు, అక్కడి నుంచి నాలుగు నూర్ల రెండుకు రెండు నూర్ల రెండు, మొత్తం రెండు నూర్ల ఇరవై నాలుగు అని వేళ్లు మడుస్తూ చెప్పాడు. అప్పుడు వాడి కాగితం వాడికే చూపించాను. చాలాసేపు దాన్నే చూసి, ఎవరూ చెప్పకుండానే 376 మీద అడ్డంగా గీత కొట్టి, పక్కన 224 రాశాడు. ఆ గీత కొట్టేటప్పుడు వాడి ముఖం చూసి, ఈ పిల్లలకు లెక్క రాదని స్టాఫ్ రూములో నేనన్న మాటకు సిగ్గుపడ్డాను. లెక్క వాళ్లకు వచ్చు. కాగితం మీద రాసేది వాళ్లకు తెలిసిన లెక్కేనన్న సంగతి ఎవరూ వాళ్లకు చెప్పలేదు.

ఆ మరుసటి రోజు నుంచి ప్రతి పీరియడులో మొదటి పది నిమిషాలు పాఠ్యపుస్తకం తెరవలేదు. వంద, పది, ఒక రూపాయి అని చీటీలు చింపి ఇచ్చి, వందను పదులుగా, పదిని ఒకట్లుగా చిల్లర మార్పిస్తూ తీసివేతలు, ఆ తర్వాత భాగహారాలు చేయించాను. మిగిలిన సమయంలోనే బహుపదులు. సిలబస్ వెనకబడింది. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఒకరు తొమ్మిదో తరగతిలో చీటీలతో తీసివేతలా అని పిల్లల ముందే నన్ను నిలదీసి, లెసన్ ప్లానులో ఇది ఎక్కడుందో చూపమన్నారు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. మరుసటి రోజు నుంచి ఆ పది నిమిషాలను కూడా లెసన్ ప్లానులో, పూర్వజ్ఞాన పరిశీలన అన్న చోట, పిల్లలకు రాని అంశం పేరుతో సహా రాయడం మొదలుపెట్టాక ఎవరూ అడ్డు చెప్పలేదు. మీరు మొదటి రోజు నుంచే అలా రాసి పెట్టుకోండి.

పిల్లలు ఎక్కడున్నారో తెలుసుకోవడానికి పెద్ద పరీక్షలు అక్కరలేదు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి గ్రామీణ ప్రాంతాల్లో చేస్తున్న అసర్ సర్వేలో వాడే పద్ధతి మనకు చాలు: ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, ఒక అంకె గుర్తుపడతారా, రెండంకెల సంఖ్య చదువుతారా, అప్పు తెచ్చే తీసివేత చేస్తారా, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగిస్తారా అని వరుసగా అడగడం. అలాగే ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ చదివించడం. ఒక్కో పిల్లకు కొద్ది నిమిషాలు పడుతుంది. చదవడం కూడా చూడమంటున్నానంటే కారణముంది. మన పడమటి ఊళ్లలో కొందరి ఇళ్లలో కన్నడం, కొందరి ఇళ్లలో ఉర్దూ, బడిలో తెలుగు, పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు. లెక్క తప్పింది అనుకున్న చోట చాలాసార్లు ప్రశ్నే అర్థమై ఉండదు.

ఇలా తెలుసుకున్నది ఎక్కడ రాయాలన్నది మా బడిలోని సీనియర్ తెలుగు పండిట్ గారు నేర్పారు. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల మార్కుల ఆన్‌లైన్ నమోదు చివరి తేదీన సర్వర్ తెరుచుకోక, సిగ్నల్ కోసం గేటు దగ్గరి వేపచెట్టు కింద నిలబడి నేను కళ్లనీళ్లు పెట్టుకుంటే ఆయన చూసి, "అమ్మా, ఆ లెక్కలన్నీ పైవాళ్లకు. పిల్లల లెక్క మీకు వేరే ఉండాల, ఒక నోటుబుక్కు పెట్టుకోండి" అన్నారు. వందపేజీల నోటుబుక్కు కొని పిల్లకో పేజీ ఇచ్చాను. ఏది వచ్చు, ఏది రాదు, ఎప్పుడు వచ్చింది అని తేదీ వేసి రాసేదాన్ని. రాతపని తగ్గలేదు, 2022 ఆగస్టులో ముఖం చూపించి హాజరు వేసే యాప్ వచ్చాక, భోజనం లెక్క, మరుగుదొడ్ల ఫోటోలు కలిసి ఇంకా పెరిగింది. బోధించే సమయాన్ని ఫోన్లు తినడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం, ఆ మాట సమావేశాల్లో చెబుతూనే ఉన్నాను. అయితే సాయంత్రం బస్సులో ఆ నోటుబుక్కు తెరిస్తే ఆ రోజు ఒక్క పేజీలోనైనా కొత్త తేదీ కనిపించేది, దానితో నా మనసు నిలబడింది. తేదీ పడని రోజులూ ఉన్నాయి. ఏడాది చివరికి ఆ ఇరవై ఒక్కరిలో ముగ్గురి పేజీలు దాదాపు ఖాళీగానే మిగిలాయి, ఆ ముగ్గురి పేర్లు నేను మరిచిపోలేదు.

క్రమశిక్షణ గురించి మీరు ఒక్క వాక్యమే రాశారు, నేనూ ఒక్క సంగతే చెబుతాను. మొదటి పీరియడులోనే రోజూ నిద్రపోయే ఒక పిల్లవాణ్ని నేను బయట నిలబెట్టాను, మరుసటి రోజు వాడు బడికి రాలేదు. ఇంటికి వెళితే, రాత్రి పూట వచ్చే కరెంటుకు బోరు మోటారు వేయడానికి నాయనతో పాటు పొలంలో ఉంటాడని తెలిసింది. ఆ తర్వాత వాడికి మొదటి పీరియడులో ఏ ప్రశ్నా వేయలేదు, మధ్యాహ్నం భోజనం అయ్యాక పావుగంట విడిగా కూర్చోబెట్టేదాన్ని. కారణం తెలియకుండా శిక్ష వేయకూడదన్నది నేను ఆ ఇంటి ముందు నిలబడి నేర్చుకున్నాను.

ఇప్పుడు మీ ముందున్న పని చెబుతాను. ఉగాది ముందూ వెనకా, ఒంటిపూట బడులు మొదలయ్యే వేళకు, సుగ్గికి పోయిన పిల్లలు ఒక్కొక్కరే వస్తారు. ఏప్రిల్ చివరి వారంలో వేసవి సెలవులు మొదలవుతాయి కాబట్టి మీకు దొరికేది కొద్ది వారాలే. మిరపకాయల మంటకు వేళ్లు బొబ్బలెక్కి పెన్ను సరిగా పట్టుకోలేని అమ్మాయి కూడా వాళ్లలో ఉండవచ్చు, మా తరగతిలో ఉండేది. వచ్చిన రోజు ఇన్నాళ్లు ఎందుకు రాలేదని నలుగురిలో అడగకండి, హాజరుపట్టీలో ఆ పేరు కొట్టివేసి ఉంటే ముందు దాన్ని సరిచేయించండి. పోయిన పాఠాలన్నీ రాసుకు రమ్మని కూడా చెప్పవద్దు. పక్కన కూర్చోబెట్టుకొని, అక్కడ రోజుకు ఎన్ని కిలోలు కోసేవాళ్లు, కిలోకు ఎంత ఇచ్చేవాళ్లు, కూలీలను తీసుకుపోయిన మేస్త్రి అందులో ఎంత పట్టుకున్నాడు అని అడిగి, వాళ్లు చెప్పే అంకెలను వాళ్ల చేతనే కాగితం మీద పెట్టించండి. గుణకారం, తీసివేత, భాగహారం మూడూ అందులోనే దొరుకుతాయి. ఏది రాలేదో ఆ పిల్ల పేజీలో రాసుకొని, జూన్ 12న బడి తెరిచిన రోజు అక్కడి నుంచి మొదలుపెట్టండి.