వృద్ధాశ్రమానికి ట్రెజరర్‌గా సంతకం పెట్టమంటున్నారు, పెట్టనా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి. రిటైర్డ్ టీచర్ని, వయసు 66. మా ఊరి దగ్గర 25 మంది ముసలివాళ్లుండే ఆశ్రమం నడిపే సొసైటీవాళ్లు నన్ను ట్రెజరర్‌గా ఉండమంటున్నారు. కేంద్రం గ్రాంటు ఆలస్యమైందట, వంటమనిషి, ఆయా జీతాలకి 3 లక్షలు సర్దితే గ్రాంటు రాగానే ఇచ్చేస్తారట. నాకు పోస్టాఫీసు సీనియర్ సిటిజన్ స్కీములో 15 లక్షలు, బ్యాంకు ఎఫ్‌డీలో 4 లక్షలు ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, 3 లక్షల సంగతి తర్వాత చూద్దాం. మీరు డబ్బు గురించి టెన్షన్ పడుతున్నారు గానీ అసలు బరువు ఆ సంతకంలో ఉంది.

ప్రభుత్వం ఇలాంటి సంస్థకి గ్రాంటు ఇచ్చేముందు కార్యవర్గ సభ్యుల చేత బాండు రాయించుకుంటుంది. కేంద్ర ప్రభుత్వ డబ్బు ఖర్చుకి నిబంధనలైన 2017 జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లో 231వ రూలు అదే: షరతులు తప్పినా, సొమ్ము వేరే పనికి మళ్లించినా ఏడాదికి 10 శాతం వడ్డీతో వెనక్కి కట్టాలి, దానికి సభ్యులందరూ కలిసీ బాధ్యులే, విడివిడిగానూ బాధ్యులే. విడివిడిగా అంటే తెలుసుగా, ప్రెసిడెంటు పేరున ఆస్తేమీ లేకపోయి, సెక్రటరీ ఫోను ఎత్తడం మానేస్తే, సొంత ఇల్లూ ఎఫ్‌డీలూ ఉన్న మాస్టారే దొరుకుతారు. చుట్టం బ్యాంకు అప్పుకి జామీను ఉండమంటే పదిమందిని అడుగుతాం, ఆశ్రమం అనేసరికి పుణ్యకార్యం కదా అని పెన్ను తీస్తాం.

ఇక గ్రాంటు ఆలస్యం. ఢిల్లీలో ఫైలు నిజంగానే ఆగి ఉండొచ్చు, అది మామూలే. లేదా ఇంతకుముందు తీసుకున్న డబ్బుకి వినియోగ ధ్రువపత్రం, అదే యూసీ, వీళ్లే పంపి ఉండకపోవచ్చు. ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా అది ఇవ్వాలి, పాత లెక్క తేలకపోతే కొత్త డబ్బు కదలడం కష్టం. అందుకే గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టులు, యూసీ కాపీలు, మంజూరు ఉత్తర్వులు, మీరు సంతకం పెట్టబోయే బాండు ఇంటికి తెచ్చుకుని నింపాదిగా చదవండి. ఒకరోజు చెప్పకుండా భోజనాల వేళకి ఆశ్రమానికి వెళ్లండి. రిజిస్టర్లో 25 పేర్లుండి, కడగడానికి 17 పళ్లాలే వస్తే ఇంక నా సలహా అక్కర్లేదు.

దొంగలే ఇరుక్కుంటారని కూడా అనుకోకండి. నాకు తెలిసిన ఒక సెక్రటరీ, పైసా తినని మనిషి, గ్రాంటు డబ్బు ఖాతాలో ఊరికే ఎందుకుండాలని ఎఫ్‌డీ వేసి, వడ్డీతో ఆశ్రమానికి ఫ్రిజ్ కొని, దానికి పసుపు రాసి బొట్టు కూడా పెట్టాడు. గ్రాంటు మీద వచ్చే వడ్డీ ప్రభుత్వానిదే, తిరిగి జమ చేయాలి. ఆడిట్‌లో ఆ ఫ్రిజ్ పట్టుకున్నారు, నెలల తరబడి ఉత్తరాలు నడిచాయి, చివరికి తన జేబులోంచే కట్టాడు పాపం. కూరగాయల బిల్లులు మాత్రం తేదీలవారీగా దారంతో కట్టి బిస్కెట్ డబ్బాలో దాచాడు, అవి అడిగిన నాథుడు లేడు.

3 లక్షలు అప్పుగా మాత్రం ఇవ్వకండి. మంజూరు ఉత్తర్వులో ఆ పద్దు లేకుండా గ్రాంటులోంచి మీ బాకీ తీరిస్తే ఆడిటర్ దాన్ని మళ్లింపు అని రాసే ప్రమాదముంది, పైగా ట్రెజరర్‌గా చెక్కు మీద సంతకం పెట్టేదీ మీరే, తీసుకునేదీ మీరే. సీనియర్ సిటిజన్ స్కీము జోలికి అసలు పోవద్దు, రెండేళ్లు దాటాక గడువుకి ముందే మూసినా డిపాజిట్‌లో 1 శాతం కోస్తారు. మనసు ఊరుకోకపోతే ఎఫ్‌డీలోంచి ఓ 50 వేలు, తిరిగి రాదనుకునే, విరాళంగా ఇవ్వండి. చెక్కో యూపీఐయో వాడండి, నగదు 2,000 దాటితే విరాళం మీద ఆదాయపు పన్ను మినహాయింపు రాదు, కొత్త పన్ను విధానంలో ఉంటే ఎలా ఇచ్చినా రాదనుకోండి. కిరాణా కొట్టులో బియ్యం బాకీ మీరే నేరుగా తీర్చినా ఆ ముసలివాళ్లకి అన్నం దొరుకుతుంది, పన్ను లాభం మాత్రం ఉండదు.

లెక్కలు చూడాలనే సరదా ఉంటే కార్యవర్గంలో చేరకుండానే వారానికి రెండు పూటలు వెళ్లి క్యాష్ బుక్ రాసిపెట్టండి, నాలుగు నెలల్లో లోగుట్టంతా తెలిసిపోతుంది. కాగితాలు సరిగ్గా ఉంటే అప్పుడు చేరండి, నేనేం వద్దనను. చేరేరోజున ఏ గ్రాంటు లెక్క ఎక్కడిదాకా తేలిందో మీటింగు మినిట్స్‌లో రాయించి కాపీ దగ్గర ఉంచుకోండి. బాండు కాపీ తర్వాత ఇస్తాం, ముందు సంతకం పెట్టండి అన్నారనుకోండి, ఇంట్లో అడిగి చెప్తానని లేచి వచ్చేయండి.