కొండ కాలుతుంటే ఇంటిల్లిపాదీ ఏం చేయాలి?

ప్రశ్న: మాది ఉదయగిరి దగ్గర, వెలిగొండల పాదాన ఉన్న ఊరు. మామగారి అమ్మగారి నుంచి నెలలు నిండుతున్న మా తోడికోడలి వరకు పదిహేడు మందిమి ఒకే ప్రహరీలో, మూడు ఇళ్లలో ఉంటాం. ఈ ఎండాకాలంలో కొండ అంటుకున్నప్పటి నుంచి రాత్రిళ్లు పొగకు పిల్లలు దగ్గుతున్నారు. అందరం కొన్నాళ్లు నెల్లూరులో ఆడబిడ్డ ఇంటికి వెళ్దామంటే, "కొండ ఏటా కాలేదే, మంట ఎప్పుడైనా ఊళ్లోకి దిగిందా? గేదెలను ఎవరికి అప్పగించి పోతాం?" అని మామగారు కొట్టిపారేస్తున్నారు. మేమేం చేయాలి?
– ఒక గృహిణి

సమాధానం: మీ మామగారి మాటలో అనుభవం ఉంది, ముందు దానినే చూద్దాం. వెలిగొండల్లో చాలావరకు ఉన్నది ఆకురాల్చే అడవి, ముళ్లపొదలు. మాఘ ఫాల్గుణాల నుంచి రాలిన ఆకు, ఎండిన గడ్డి నేలంతా పరచుకుని ఉంటాయి. కార్చిచ్చు చాలాసార్లు చెట్ల కొనలకు ఎక్కకుండా ఆ ఎండుటాకు మీదనే పాకుతూ పోయి, బండరాళ్లో, బాటో, దుక్కి దున్నిన చేనో అడ్డువస్తే అక్కడితో ఆరిపోతుంది. పైగా పగటిపూట వేడెక్కిన కొండవాలు వెంట గాలి పైకి లాగుతుంది గనుక మంట దిగువకంటే ఎగువకే వేగంగా పోతుంది. ఇన్నేళ్లుగా ఆయన కళ్లారా చూసింది ఇదే.

అయితే వైశాఖం వచ్చాక ఈ లెక్క మారుతుంది. మే నెలలో మన జిల్లాలో వీచే పొడి పడమటిగాలి మీకు పడమరన ఉన్న ఆ కొండల మీదుగానే వస్తుంది. అప్పుడు మంట దిగి రానక్కర్లేదు, ఎగిరివచ్చిన ఒక నిప్పురవ్వ గడ్డివామి మీదో తాటాకు పాక మీదో పడితే చాలు. ఇక రాత్రి చల్లబడిన గాలి కొండవాలు వెంట కిందికి జారుతూ పొగను ఊరి మీదికి దించుతుంది. మీ పిల్లలు రాత్రిళ్లు దగ్గడానికి ఇది ఒక ముఖ్య కారణం.

పదిహేడు మందీ వెళ్లాలా, అందరూ ఉండాలా అన్న వాదనను పక్కనపెట్టండి. పొగ వరుసగా దిగుతుంటే గర్భిణిని, పెద్దావిడను, పసిపిల్లలను, ఉబ్బసం ఉన్నవారిని వెంటనే నెల్లూరు పంపండి. గేదెలను చూసుకోవడానికి మిగిలినవారు ఉండవచ్చు. మామగారి అభ్యంతరంలో సగం గేదెల గురించే కనుక ఆయన దీనికి ఒప్పుకుంటారనే నా నమ్మకం.

ఉండిపోయేవారు రాత్రిపూట కొండవైపు కిటికీలు మూసి, కప్పు గట్టిగా ఉన్న గదిలో పడుకోవాలి; ఆ గదిలో అగరొత్తులు, దోమలచుట్టలు వెలిగించకూడదు, కట్టెలపొయ్యి దగ్గరలో ఉండకూడదు. ముక్కుకు తడి తువ్వాలు కట్టుకుంటే మసి ఆగుతుందేమో గాని, ఊపిరితిత్తుల లోతుకు పోయే సన్నని రేణువులు ఆగవు. పెద్దవాళ్లు ఎన్‌95 మాస్కును ముఖానికి బిగుతుగా పెట్టుకోవాలి. ఎవరికైనా ఆయాసం పెరిగినా, పెదవులు నీలంగా మారినా 108కి ఫోన్ చేయండి. గడ్డివామిని, పిడకల గూటిని, కట్టెలమోపులను ఇంటికి దూరంగా తరలించి, పాక మీద, మిద్దె మీద చేరిన ఎండుటాకును ఊడ్చేయండి.

పెద్ద కుటుంబంలో నేను ఎక్కువగా భయపడేది మరొకదానికి. అర్ధరాత్రి లేచి పరుగెత్తవలసి వస్తే, పిల్లవాడు పిన్ని దగ్గర ఉన్నాడని తల్లి, తల్లి దగ్గర ఉన్నాడని పిన్ని అనుకోవడం సహజం. కనుక ఏ బిడ్డ ఎవరి చేయి పట్టుకోవాలో, పెద్దావిడను ఎవరు ఎత్తుకోవాలో, గ్యాస్ ఎవరు కట్టేయాలో, గొడ్ల కట్టుతాళ్లు ఎవరు విప్పాలో ఈ రోజే పేరుపేరునా తేల్చుకోండి. గొడ్లను కట్టి ఉంచి మాత్రం వెళ్లకండి. చేరవలసిన చోటు గడ్డి లేని దుక్కిచేను అయితే మేలు. అక్కడ తలలు లెక్కపెట్టాకే ముందుకు కదలండి. ఆధార్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకాలు, ఆసుపత్రి కాగితాలు ఒకే సంచిలో ఉండాలి. ఎవరికైనా ఒళ్లు కాలితే ఇరవై నిమిషాలు కుళాయి నీటి ధార కింద ఉంచాలి. ఐసు, సిరా, టూత్‌పేస్టు పెట్టకూడదు.

ప్రశ్న: మంట కనబడగానే మా ఊరి కుర్రాళ్లు కొండెక్కి పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పుతామంటున్నారు. పంపవచ్చా?
– సీతారామపురం మండల పాఠకుడు

సమాధానం: అటవీ సిబ్బంది వెంట లేకుండా పంపవద్దు. మంటకు ఎగువన నిలబడ్డవాడు ప్రాణాపాయంలో ఉన్నట్టే. తెలిసినవారు పక్కల నుంచి, వెనుక నుంచి ఆర్పుకుంటూ వస్తారు. కుర్రాళ్లు వెంటనే చేయగల మేలు కబురు అందించడం. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వేక్షణ సంస్థ ఉపగ్రహాల ద్వారా మంటలను గుర్తించి సిబ్బంది ఫోన్లకు సందేశాలు పంపుతుంది గాని, ఉపగ్రహం మీ కొండ మీదుగా పోయేది రోజుకు కొన్నిసార్లే. ఊరి కన్ను అంతకుముందే చూడగలదు. చూసిన వెంటనే బీటు అధికారికి, మంట ఊరివైపు వస్తుంటే 101కి గాని 112కి గాని చెప్పండి.

మన అడవుల్లో చిచ్చు చాలావరకు మనుషుల వల్లే పుడుతుంది: ఆర్పకుండా పారేసిన బీడీ, తేనెపట్టుకు పెట్టిన పొగ, కొత్త గడ్డి కోసం అంటించిన పాతగడ్డి. రిజర్వు అడవిలో నిప్పు పెట్టడం ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం, 1967 ప్రకారం నేరమని కాపరులకు మర్యాదగానే చెప్పండి. రైతులు కూడా అడవికి ఆనుకున్న చేలగట్లను కాల్చకుండా, గడ్డిని కోసి ఎరువుదిబ్బలో వేయాలి.