ఫ్లోరసెంట్ బీడ్స్ ముద్దకడుతున్నాయా? ముందు మీ ఫ్రిజ్ చూడండి

కొత్తగా తెప్పించిన పాలీస్టైరీన్ ఫ్లోరసెంట్ బీడ్స్ (కాంతి పడితే రంగులో వెలిగే అతిచిన్న ప్లాస్టిక్ గుళికలు) మైక్రోస్కోప్ కింద ముద్దలుగా కనిపిస్తున్నాయి, కంపెనీ నాసిరకం సరుకు పంపిందా అని మీలో ఒకరు అడిగారు. చాలాసార్లు తప్పు బీడ్స్ తయారీది కాదు. ఆ బాటిల్ ఎక్కడో ఒకచోట గడ్డకట్టి ఉండొచ్చు.

హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేసేటప్పుడు, బయటి రేణువులను మింగే మాక్రోఫేజ్ అనే రోగనిరోధక కణాలకు 2 మైక్రాన్ల ఆకుపచ్చ బీడ్స్ ఇచ్చి, ఒక్కోటి ఎన్ని మింగిందో లెక్కపెట్టేదాన్ని. ఒక సోమవారం చూస్తే కణాలకు ద్రాక్షగుత్తుల్లా వేలాడుతున్నాయి. మొన్నటిదాకా నాలుగైదు మింగిన కణం ఒక్కసారిగా ముప్పై ఎలా మింగుతుంది? కణాలు లేకుండా ఉత్త బీడ్స్‌నే, ఒక్కో రేణువు వెలుగును విడిగా కొలిచే ఫ్లో సైటోమీటర్‌లో పెట్టాను. గ్రాఫ్‌లో విడి బీడ్స్ పీక్ (శిఖరం) పక్కనే రెట్టింపు వెలుగు దగ్గర ఇంకొకటి, మూడు రెట్ల దగ్గర మరొకటి. రెండేసి, మూడేసి అతుక్కుని వస్తున్నాయి. ధ్వని తరంగాలతో కుదిపే సోనికేటర్‌లో పది నిమిషాలు పెట్టినా విడిపోలేదు.

శనివారం ఫ్రిజ్ సర్దిన జూనియర్‌ని అడిగితే, "ఖరీదైనవన్నీ మైనస్ ఇరవైలోనే కదా పెడతాం అక్కా" అన్నాడు. వాణ్ణి ఏమనగలను? ఫ్రీజ్ చేయవద్దని లేబుల్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. ఎంజైములకు, యాంటీబాడీలకు పేజీలకు పేజీలు జాగ్రత్తలు నేర్పుతారు, బీడ్స్ దగ్గరికొచ్చేసరికి ప్లాస్టిక్కే కదా అని వదిలేస్తారు. నాకు ఇప్పటికీ మండేది అక్కడే.

మామూలుగా బీడ్స్ పైనున్న ఋణావేశం వాటిని ఒకదానికొకటి అంటకుండా ఉంచుతుంది. నీరు గడ్డకడుతుంటే మిగిలిన కాస్త ద్రవంలోకి అవన్నీ నెట్టుకుపోయి ఒత్తుకుంటాయి. మళ్లీ కరిగించినా ఆ అతుకు వదలదు. అందుకే 2 నుంచి 8 డిగ్రీల మధ్య, వెలుతురు తగలకుండా ఉంచాలి. ఆ ఫ్రిజ్‌లో కూడా వెనక గోడకు ఆనించకండి, అక్కడ మంచు పడుతుంది. పార్సిల్‌లో గడ్డకట్టిన జెల్ ప్యాక్‌ను నేరుగా బాటిల్‌కు ఆనించి పంపే సరఫరాదారులూ ఉన్నారు. వారాల తరబడి ఎదురుచూసి తెప్పించుకున్న సరుకు అట్టపెట్టెలోనే పాడైపోతుంది.

మీరు బీడ్స్‌ను పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంలో (బఫర్) కలిపారా? అందులోని ఉప్పుకు కూడా బీడ్స్ ముద్దకడతాయి. ఒక చుక్కను ఉత్త డిస్టిల్డ్ వాటర్‌లో కలిపి, వోర్టెక్స్ చేసి (యంత్రంపై గిరగిరా కుదిపి) చూడండి. అక్కడ విడివిడిగా ఉంటే బాటిల్ బాగున్నట్టే, బఫర్‌లో 1 శాతం బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్ ప్రొటీన్) వేసుకుంటే చాలావరకు సర్దుకుంటుంది. అక్కడా గుత్తులే ఉంటే ఆ బాటిల్‌తో ఇంకో ప్రయోగం చేయకండి. నేను ఆ సోమవారం డేటా అంతా పారేశాను.