ఎర్ర ప్యాంట్లు నల్లబడ్డాయేం?

ప్రశ్న: 1914 నాటి ఫ్రెంచి సైనికుల ఫొటోకి యాప్‌తో రంగులు వేయిస్తే ప్యాంట్లు ముదురు గోధుమరంగులో వచ్చాయి. అసలు రంగు అదేనా?

జవాబు: కాదండీ, అవి ఎర్ర ప్యాంట్లు. ఆనాటి ఫొటో ప్లేట్లలో (ఫొటో తీసే గాజు పలకల్లో) ఎక్కువభాగం ఎరుపుని పట్టుకోలేవు, నీలాన్ని మాత్రం అతిగా పట్టుకుంటాయి. అందుకే ఎరుపు ప్రింటులో దాదాపు నల్లగా పడుతుంది. 1915లో వచ్చిన లేత నీలం యూనిఫాం ఇందుకు తలకిందులు, వెలిసిన తెలుపులా కనిపిస్తుంది. యాప్‌కి ఇవేమీ తెలియవు, బూడిదరంగు ఛాయ చూసి ఊహిస్తుంది.

పతకాల రిబ్బన్లకీ ఇదే చిక్కు. 1914 అక్టోబరు 31న బెల్జియంలో పోరాడి బ్రిటిష్ వారి అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ పొందిన భారత సిపాయి ఖుదాదాద్ ఖాన్‌ది ముదురెరుపు రిబ్బను. పాత ఫొటోలో నల్లపట్టీ అనిపించినా నలుపు వేయకండి, అది ఆ వీరుడికి అన్యాయం.

రంగు సరిచేయాలంటే ఫొటోలు దిద్దే ఉచిత సాఫ్ట్‌వేర్ జింప్‌లో కొత్త లేయర్ (ఫొటో మీద పరిచే పొర) తీసి, మోడ్‌ని 'హెచ్‌ఎస్‌ఎల్ కలర్'కి మార్చి ప్యాంటు మేరకే ఎరుపు పూయండి. ఈ మోడ్ వెలుగునీడల్ని ముట్టుకోదు, కాబట్టి నలుపు మీద ఎరుపు ఆనదు. అందుకే ముందుగా వెలుగునీడల్ని సవరించే కర్వ్స్‌తో ఆ భాగాన్ని కాస్త తేటపరచాలి. మరీ లేపితే మడతల దగ్గర గ్రెయిన్ (ఫొటోలోని సన్నని చుక్కలు) పైకొస్తుంది.

లేత నీలానికైతే ఊహ అక్కర్లేదు. 1907లో అమ్మకానికొచ్చిన ఆటోక్రోమ్ ప్లేట్ల మీద యుద్ధకాలంలోనే తీసిన అసలు రంగుల ఫొటోలున్నాయి, వాటితో పోల్చుకోండి.